కవిలెకట్ట నుండి వానకొలత యంత్రము వరకు

కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగినవారికి వానలెక్క పంచాంగములోని మాట మాత్రము కాదు. ఏడాది మొత్తమునకు ఆరేడు వందల మిల్లీమీటర్లు కురియు ఈ నేలలో ఒక్క పదును తప్పెనా, వేరుసెనగ చేను మాట యటుండగా పశువుల మేతకు సైతము వెదకులాట మొదలగును. 1876-78 సంవత్సరముల నాటి ధాత కరవును పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య దాదాపు నాల్గవ వంతు తగ్గిపోయెను. అట్టి సీమలో వాన ఎంత కురిసెను, ఎన్నడు కురిసెను అను లెక్క బ్రదుకుతో ముడిపడినది.

నేడు ఆ లెక్కను చాలచోట్ల చిన్న యంత్రములు వ్రాయుచున్నవి. రాష్ట్ర ప్రణాళికాశాఖ వారును, భారత వాతావరణశాఖ వారును నెలకొల్పిన స్వయంచాలక కేంద్రములను పాఠకులు చూచియే యుందురు. ఒక కంబము, దానిపై ఎండపలక, క్రింద ఒక పెట్టె, ప్రక్కన ఒక గరాటు. ఇట్టి వానకొలతలలో తరచుగా వాడెడి పద్ధతి సులభమైనది. గరాటు క్రింద రెండు చిన్న దొన్నెలు తక్కెడవలె అమరి యుండును. ఒక దొన్నె నిండగానే వంగి నీటిని పారబోయును, రెండవది పైకి వచ్చును. వంగిన ప్రతి సారియు యంత్రము ఒకటి యని లెక్కించుకొనును. ఎన్ని మారులు వంగినదో తెలిసినచో ఎంత వాన కురిసినదో తెలియును.

లెక్కించుట యింత సులభము. ఆ లెక్కను వ్రాసి పంపుట మాత్రము అంత సులభము కాదు. ఆ సంగతినే నేడు ముచ్చటింపదలచితిమి.

పంపవలసినది ఒక్క సంఖ్య కాదు. ఏ ఊరి యంత్రము? ఏ దినము? ఆ దినములో ఏయే గంటలు? గంటగంటకు వాన ఎంత, వేడిమి ఎంత, విద్యుద్ఘటములో మిగిలిన శక్తి ఎంత? ఊరిలో దినము, దినములో గంట, గంటలో కొలతలు. వంటయింట గిన్నెల దొంతిని తలచుకొనుడు. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె, అందులో మరియొకటి. దొంతి పేర్చుటలో ఒక క్రమమున్నట్లే తీయుటలోను ఒక క్రమమున్నది. ఇట్టి దొంతి లెక్కను చిన్న చోటున ఇముడ్చుట ఎట్లు అను ప్రశ్న యంత్రములతో పుట్టినది కాదు. మన సీమలో అది పాతప్రశ్నయే.

1800లో హైదరాబాదు నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి వదలిపెట్టెను. కర్నూలు పట్టణము 1839 వరకు నవాబుల క్రిందనే యున్నను, పత్తికొండ వంటి తాలూకాలును కడప సీమయు అప్పుడే కంపెనీ వశమయ్యెను. దత్తమండలములని పిలువబడిన ఈ సీమకు సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండెను. 1802లో మొదలిడి ఆయన పొలము పొలమును కొలిపించెను. 33 అడుగుల గొలుసు పొడవు, అంతే వెడల్పు గల నేల ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరము. తాలూకాలో గ్రామము, గ్రామములో పొలము, పొలమునకు రైతు, తరము, తీరువ. ఇదియు గిన్నెల దొంతియే. ఆ మన్రో తుదకు 1827 జూలైలో పత్తికొండలోనే వాంతిభేదితో మరణించెను.

ఈ దొంతిని మోసినవాడు గ్రామ కరణము. అతనికి రెండు విధములైన వ్రాతసాధనము లుండెడివి. గంటముతో గీసిన తాటాకు కవిలె ఒకటి. దానిపై వ్రాసినది చెరుగదు. రెండవది కడితము. గుడ్డకు చింతగింజల అంబలియు బొగ్గుపొడియు పట్టించి, మడతలు పెట్టి, దానిపై బలపముతో వ్రాయుదురు. వలసినప్పుడు తుడిచి మరల వ్రాయవచ్చును. కడితము నిండినచో పాతలెక్క తుడువక కొత్తలెక్కకు చోటు లేదు. కావున ఏది కడితమున నుంచవలెనో, ఏది కవిలెకు ఎక్కింపవలెనో కరణమునకు తెలిసి యుండవలెను. 1984లో ప్రభుత్వము కరణముల ఉద్యోగములను రద్దు చేయు వరకు గ్రామలెక్క వారి చేతులమీదుగనే నడచెను.

వానకొలత పెట్టెలోని యంత్రమునకును సరిగా ఇట్టి రెండు జ్ఞాపకములే కలవు. 1980లో అమెరికాలోని ఇంటెల్ సంస్థ 8051 అను చిన్న గణకమును వెలువరించెను. ఒక్క బిళ్లలో ఇమిడిన ఆ గణకము అనేక దేశములలో లెక్కకు మిక్కిలియైన పరికరములలో వాడబడినది. దాని కవిలె, అనగా ఆజ్ఞలు శాశ్వతముగా నిలుచు చోటు, 4096 బైట్లు. దాని కడితము, అనగా తుడిచి వ్రాసికొను చోటు, 128 బైట్లు మాత్రమే. బైటు అనగా 0 మొదలు 255 వరకు గల ఒక సంఖ్య పట్టు గడి. నూట యిరువది యెనిమిది గడులలో ఒక ఊరి వానలెక్క పట్టునా?

ఇట్టి యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు భాషలలో ముఖ్యమైనది సీ భాష. దీనిని 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ పరిశోధనాలయములో డెన్నిస్ రిచీ నిర్మించెను. ఆయనయు కెన్ థాంప్సనును పనిచేసిన పీడీపీ-11 గణకమునకు మొదట ఉన్న జ్ఞాపకము 24 వేల బైట్లు. అందులో వాడుకరి ఆజ్ఞలకు మిగిలినది 8 వేలు. ఇరుకు ఇంటిలో పెరిగిన బిడ్డకు పొదుపు అబ్బినట్లు సీ భాషకును పొదుపు అబ్బెను. 1973 నాటికి అందులో స్ట్రక్ట్ అను ఏర్పాటు చేరినది. పలువిధముల విలువలను ఒక పేరు క్రింద కట్టగా కట్టుటయే స్ట్రక్ట్. ఒక కట్టలో మరియొక కట్టను ఉంచవచ్చును. కరణము పొలము వివరమును గ్రామలెక్కలో ఉంచినట్లే. మన తెలుగునాట హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ-12 అను గణకమును 1969లో వెలువరించినది. అది 12 బిట్ల మాటలతో పనిచేసెడిది. ఆ కాలపు గణకములన్నిటికిని జ్ఞాపకమే కరవు.

స్ట్రక్ట్ కట్టను ఉన్నది ఉన్నట్లుగా తంతిపై పంపిన సరిపోదా అని పాఠకులు అడుగవచ్చును. సరిపోదు. దానికి రెండు కారణములు కలవు.

మొదటిది ఖాళీగడులు. ఒక బైటు విలువను, నాలుగు బైట్ల విలువను ఒక కట్టగా కట్టినచో మొత్తము అయిదు కావలెను. కాని పెక్కు యంత్రములలో అది ఎనిమిది బైట్లగును. నాలుగు బైట్ల విలువ నాలుగవ గడి సరిహద్దున మొదలుకావలెనని యంత్రము కోరుటచేత, నడుమ మూడు ఖాళీగడులు చేరును. వేరొక యంత్రము అట్లు కోరకపోవచ్చును. పంపినవాని ఖాళీ అందుకొన్నవానికి విలువగా కనిపించును.

రెండవది చదువు దిక్కు. కర్నూలు జిల్లాలో గుత్తి-పత్తికొండల నడుమ ఎర్రగుడి యొద్ద అశోకుని శాసనములు గలవు. అచ్చటి లఘుశిలాశాసనములో ఒక చిత్రమున్నది. బ్రాహ్మీలిపి మామూలుగా ఎడమనుండి కుడికి సాగును. ఇచ్చట కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు సాగినవి. చాలు చివర ఎద్దులను మళ్లించి దున్నినట్లు వ్రాసిన ఆ వ్రాతను ఆ సంగతి ఎరుగక చదివినవారికి అర్థము దొరకదు. గణకములలోను ఇట్టి తగవే కలదు. 300 అను సంఖ్య ఒక బైటులో పట్టదు. ఒక 256, పైన 44 అని రెండు బైట్లుగా విడగొట్టవలెను. కొన్ని యంత్రములు 1ని ముందు ఉంచును, కొన్ని 44ను ముందు ఉంచును. ఒకటి వ్రాసినదానిని మరియొకటి తన దిక్కున చదివినచో 300 కాస్త 11,265 అగును. జల్లు వాన ప్రళయమగును. గుడ్డును ఏ కొసన పగులగొట్టవలెనని పోరాడుకొన్న మరుగుజ్జుల కథ 1726 నాటి గలివరు యాత్రలలో కలదు. 1980లో డానీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు ఆ కథనుండియే ఈ రెండు పక్షములకు పేర్లు పెట్టి, ఏదో ఒక ఒడంబడికకు రండని కోరెను.

ఒడంబడిక పలువిధముల వచ్చెను. అందులో జనప్రియమైనది జేసన్. 2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ అను ఇరువురు తమ పనికై దీనిని వాడిరి. క్రాక్‌ఫర్డ్ తాను దీనిని కల్పింపలేదనియు, జావాస్క్రిప్టు భాషలో అదివరకే యున్నదానిని కనుగొని పేరు పెట్టితిననియు చెప్పెను. 2006లో అంతర్జాల ప్రమాణపత్రములలో అది చేరెను. జేసన్‌లో విలువల నన్నిటిని సాధారణాక్షరములలోనే వ్రాయుదురు. కావున చదువు దిక్కు తగవు లేదు, ఖాళీగడుల తగవు లేదు. ప్రతి విలువకు ముందు దాని పేరుండును. మీసముల కుండలీకరణము తెరచినచో ఒక గిన్నె తెరచినట్లు, మూసినచో ఆ గిన్నె ముగిసినట్లు. చదరపు గుర్తుల నడుమ వరుసగా విలువలను పేర్చవచ్చును. గిన్నెలో గిన్నె ఎంతవరకైనను పోవచ్చును. మనుష్యుడును చదువగలడు, యంత్రమును చదువగలదు.

అయితే పేర్లకు, గుర్తులకు చోటు కావలెను. ఒక ఉదాహరణము చూతము. గంట, వానలెక్క, వేడిమి అను మూడు విలువలకు ఒక్కొక్క అక్షరపు పేరు పెట్టి, విలువలన్నియు రెండంకెలే యనుకొందము. పేర్లు, ఉల్లేఖనచిహ్నములు, కామాలు, కుండలీకరణములు కలిపి గంటకు 22 గుర్తులగును. 24 గంటలకును నడుమ కామాలు చేర్చినచో 551. అవే విలువలను పేర్లు లేక విలువకొక బైటుగా దాచినచో 72 బైట్లు చాలును. 128 బైట్ల కడితములో 72 పట్టును, 551 పట్టవు.

ఇచ్చటనే సీ భాషలో పనిచేయు నేర్పరులు కరణముల వివేకమును చూపిరి. లెక్కను కడితములో 72 బైట్ల కట్టగానే ఉంచిరి. జేసన్ వ్రాతను మొత్తము ఒకచోట కూర్చలేదు. ఒక గంట వ్రాతను కూర్చి పంపివేయుట, అదే చోటును తుడిచి రెండవ గంటను కూర్చుట. దొంతిలో ఎన్నవ గిన్నె తెరచి యున్నదో తెలుపు చిన్న సంఖ్య ఒకటి జ్ఞాపకములో నున్న చాలును. చివర నన్ని కుండలీకరణములు మూయవచ్చును.

వ్రాయుటకంటె చదువుట కష్టతరము. వచ్చిన జేసన్‌ను విప్పుటకు రెండు త్రోవలు కలవు. డేవ్ గాంబుల్ వ్రాసిన సీజేసన్ అను ఆజ్ఞల సంపుటము వచ్చిన వ్రాతనుండి ఒక చెట్టును పెంచును. కొమ్మకొమ్మకు జ్ఞాపకములో క్రొత్తచోటు అడుగును. పెద్ద యంత్రములకిది హాయి. సెర్జ్ జైత్సెవ్ వ్రాసిన జేఎస్ఎంఎన్ అనునది చెట్టును పెంచదు. ఫలానా విలువ వ్రాతలో ఇన్నవ గుర్తునుండి ఇన్నవ గుర్తు వరకు కలదని పొలిమేర రాళ్లు మాత్రము నాటును. విలువను కదలింపక, దాని హద్దులనే వ్రాసికొనును. పొలమును మోసికొని రానక్కరలేదు, హద్దులు తెలిసిన చాలునన్న సర్వేదారుని పద్ధతి యిది. గిన్నెలో గిన్నె మితిమీరి పోయినచో చిన్న యంత్రము ఉక్కిరిబిక్కిరియై ఆగిపోవును. అందుకే లోతునకు ఎవరి శక్తికొలది వారు మితి పెట్టుకొనవచ్చునని ప్రమాణపత్రమే అనుమతించినది.

తెలుగువారికి ప్రత్యేకముగా తెలియవలసిన సంగతి మరియొకటి. మన లిపి 1991లో యూనికోడ్‌లో చేరినది. నేటి జేసన్‌లో వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. కడప అను మూడు అక్షరములకు 9 బైట్లు. కర్నూలు అని వ్రాయుటకు గుణింతపు గుర్తులతో, పొల్లుతో కలిపి 7 సంకేతములు, 21 బైట్లు. చోటు చాలక బైట్ల లెక్కన కత్తిరించినచో కోత ఒక అక్షరము నడుమ పడి ఊరి పేరే చెడిపోవును.

కత్తిరింపు మాట వచ్చినది గనుక అసలు భయమును చెప్పవలెను. సీ భాషలో వ్రాతను కూర్చు ఎస్‌ప్రింట్‌ఎఫ్ అను పాత పనిముట్టు చోటు ఎంత యున్నదని అడుగదు. పట్టకపోయినచో ప్రక్క గడులమీద వ్రాసిపోవును. పొరుగు చేనులోనికి నాగలి తోలినట్లు. 1999 ప్రమాణములో ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ అను పనిముట్టు చేరినది. అది హద్దు దాటదు. అంతేకాదు, మొత్తము పట్టుటకు ఎంత చోటు కావలసి యుండెనో చెప్పును. ఆ సంఖ్యను చూచుకొన్నవాడు తెగిన వ్రాతను పంపడు. చూచుకొననివాడు పంపును. అప్పుడును జేసన్ మనలను కొంత కాపాడును. చివరి కుండలీకరణము లేని వ్రాతను నియమము తెలిసిన గ్రహీత అంగీకరింపడు. దానశాసనముల చివర, ఇది పాడుచేసినవారికి పాపము తగులునని వ్రాయు వాడుక కలదు. ఆ మాట కనిపించినచో శాసనము పూర్తియైనట్లు. మూసిన కుండలీకరణము యంత్రము వ్రాసిన అట్టి ముగింపుమాట.

2013లో కార్స్‌టెన్ బోర్మన్, పాల్ హాఫ్‌మన్ అనువారు సీబోర్ అను మరియొక ఒడంబడికను ప్రకటించిరి. 2020లో అది సవరింపబడినది. భావము జేసన్‌దే, వ్రాత బైట్లలో. సాధారణముగా గిన్నెను మూయు గుర్తునకు బదులు, ఇందులో ఇన్ని వస్తువులు కలవని మొదటనే చెప్పును. ఒంటియక్షరపు పేరుతో 37 అను విలువను జేసన్‌లో పంపుటకు 8 బైట్లు, సీబోర్‌లో 5. చదువు దిక్కు ఏదో పత్రములోనే నిర్ణయించిరి. ఎద్దుల మళ్లింపు తగవు అట్లు తీరినది.

ఇన్ని ఒడంబడికలు వచ్చినను ఒక ప్రమాదము మాత్రము మనుష్యుని జాగ్రత్తమీదనే నిలిచి యున్నది. మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే. జేసన్‌లో సున్న వేరు, నల్ అను మాట వేరు. సున్న అనగా కొలచితిమి, వాన లేదు. నల్ అనగా విలువ లేదు, కొలువలేదు. సీ భాషలోని సాధారణ సంఖ్యకు ఈ భేదము తెలియదు. పైపెచ్చు, ఆజ్ఞలు నడచినంతకాలము నిలుచు స్థిర విలువలకు ఎవరును ఏమియు వ్రాయకున్నచో సీ భాష తనంతట తాను సున్న నుంచును. గరాటు తీగ తెగిన గంట, విద్యుత్తు చాలని గంట, ఎవరును ఏమియు చేయకయే 'వాన లేదు' అని సాక్ష్యము పలుకును.

వార్తలు చదువు మావంటివారికి ఈ భేదము చిరపరిచితము. ఫలానా ఊర వర్షపాతము శూన్యమనుట వేరు, ఫలానా ఊరి వివరము అందలేదనుట వేరు. ఒకదానికి బదులు మరియొకటి చదివినచో వినుచున్న రైతు తన పెరటిలో తడిసిన నేలను చూచి మమ్ములను నమ్మడు. నమ్మకపోవుటయే మేలు, నమ్మినచో మరింత కీడు. మన దేశమున 2007లో వాతావరణముపై ఆధారపడు ప్రభుత్వ పంటల బీమా పథకము ప్రారంభమైనది. అందులో రైతుకు ముట్టెడి పరిహారము కేంద్రములో కొలిచిన అంకెమీద ఆధారపడును. కొలువని గంటలు సున్నలైనచో రాని కరవు వచ్చినట్లును, ఆ సున్నలను గుడ్డిగా కొట్టివేసినచో వచ్చిన కరవు రానట్లును కనిపించును.

దీనికి మందు పెద్దది కాదు. స్ట్రక్ట్ కట్టలో విలువ ప్రక్కన 'ఇది కొలిచినదియా' అని ఒక చిన్న గుర్తు ఉంచవలెను. 24 గంటలకు గంటకొక బిట్టు చొప్పున మూడు బైట్లు చాలును. 72కు 3 చేర్చిన 75. ఇరుకైన 128 గడులలో సైతము అది పట్టును. జేసన్ వ్రాయునప్పుడు గుర్తు లేని గంటకు సున్న వ్రాయక నల్ వ్రాయవలెను. గరాటులో ధూళి పేరుకొని యంత్రమే మోసపోయిన గంటను మాత్రము ఈ గుర్తు పట్టుకొనలేదు. దానికి మనుష్యుడు వెళ్లి గరాటు తుడువవలసినదే.

కరణము కవిలెలో పైరు లేని పొలమును బీడు అని వ్రాసెడివాడు. కొలువని పొలమును బీడు అని వ్రాసినచో అది అబద్ధపు లెక్క. యంత్రము మారినది, వ్రాత మారినది, గిన్నెల దొంతి మారలేదు. అందులో అన్నిటికంటె లోపలి గిన్నెలో నున్నది ఒక ఎండిన ఊరి వాన. ఆ గిన్నె ఖాళీగా నున్నదో, ఎవరును తెరచి చూడలేదో స్పష్టముగా వ్రాయుటకు మూడు బైట్ల చోటు చాలునని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.